మింగిన మాట

జూన్ 3, మంగళవారం

నాన్న ఇంటికొచ్చాడు. పన్నెండు రోజుల తర్వాత.

కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా చెప్పినట్టు వినడం లేదు. నోరు కూడా అంతే. ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడం నాకో నోటుబుక్కు ఇచ్చి, "ఏ రోజు ఏ మాట అన్నారో తేదీ వేసి రాస్తూ ఉండమ్మా" అంది. ఆ పుస్తకంలో ఇప్పటికి తేదీలు మాత్రమే ఉన్నాయి. ఇది వేరే పుస్తకం. ఇది నాది. ఎవరికీ చూపించను.

మంచం ముందు గదిలో కిటికీ పక్కన వేశాం. అక్కణ్నుంచి నాన్న పనిచేసే షెడ్డు కనబడుతుంది. బండి స్టాండు మీద, నాన్న పడిపోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పాయింట్ల డబ్బాకి మూత తీసే ఉంది. స్క్రూడ్రైవరు పక్కనే పడి ఉంది. అమ్మ దాన్ని కూడా కదిలించలేదు.

ఆ రోజు నేను లోపల చదువుకుంటున్నాను. దబ్బుమని చప్పుడైతే పరిగెత్తాను. అంతే. డాక్టరు అడిగినప్పుడూ అదే చెప్పాను.

జూన్ 4, బుధవారం

కాలేజీ తెరవడానికి ఇంకా టైముంది. నాన్న మాటలన్నీ గుర్తున్నంతవరకు ఇక్కడ రాసుకుంటాను. ఆయనకు మాటలు తిరిగొచ్చాక చదివి వినిపిస్తాను.

బండి పేరు పెద్దమ్మాయి. నాకంటే ముప్పై ఏళ్లు పెద్దది కాబట్టి. నాలుగేళ్ల కిందట నాన్న దాన్ని పాత ఇనుము దుకాణంలోంచి తోపుడుబండి మీద తెచ్చాడు. చక్రాలు ఒక సంచిలో, ఇంజను ఒక గంపలో. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇదేంటండీ, బండి తెస్తానని వెళ్లి ఎముకలు తెచ్చారు?" అంది. ఆ ఎముకలకి నాన్న నాలుగేళ్లు కండ పట్టించాడు. వచ్చిన బండ్లన్నీ బాగుచేసి పంపేశాక, సాయంత్రం మిగిలే గంట పెద్దమ్మాయిది.

నేను పంతులమ్మని. ఆ పేరు ఆరో తరగతిలో వచ్చింది. నాన్న నా నోటుబుక్కుల మార్జిన్లు సన్నగా చించి షెడ్డులోకి పట్టుకుపోయేవాడు. చేతులు తుడుచుకోడానికి కాబోలు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, "పుస్తకం చించితే చదువు రాదు, తెలుసా?" అని క్లాసు పీకాను. "సరే పంతులమ్మా, ఇంకెప్పుడూ చించను" అన్నాడు. మర్నాడు మళ్లీ చించాడు.

మే నెల ఇరవయ్యొకటిన పెద్దమ్మాయి మొదటిసారి వీధి చివరిదాకా వెళ్లింది. నేను వెనక కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి చప్పుడులో తేడా వచ్చింది. డుగ్ డుగ్ డుగ్, తర్వాత ఒక ఖాళీ, ఆ తర్వాత సైలెన్సర్లోంచి ఠప్. దీన్ని మెకానిక్కులందరూ మిస్సింగ్ అంటారు. నాన్న మాత్రం మింగుతోంది అంటాడు.

"నాలుగింటికి ఒకటి మింగుతోందే పంతులమ్మా. మీ అక్క మనసులో ఏదో పెట్టుకుంది. కక్కించాలి."

మర్నాడు పొద్దున కొత్త పాయింట్లు వేయడానికి కూర్చున్నాడు. పాయింట్లంటే ఆ చిన్న డబ్బాలో ఉండే రెండు లోహపు ముక్కలు. అవి మూసుకుని, తెరుచుకుంటూ ఉంటాయి. తెరుచుకున్న ప్రతిసారీ ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. "బండికి అవి పెదాలు. అవి సరిగ్గా విడిపడితేనే మాట" అని నాన్న చెప్పేవాడు.

నాకు తెలిసినవాళ్లలో పోలికలు చెప్పడం వచ్చినవాడు నాన్నొక్కడే. ఆయనకి ఆ సంగతి తెలీదు.

జూన్ 5, గురువారం

డబ్బా మూత బిగించి, కిక్కు కొట్టాను. ఎనిమిదో కిక్కుకి అందుకుంది. డుగ్ డుగ్ డుగ్, ఖాళీ, ఠప్. నాన్న కొత్త పాయింట్లు వేసినా మింగుతోంది.

కిటికీలో నాన్న ఎడమ చెయ్యి మంచం పట్టె మీద కొడుతోంది. ఖాళీ వచ్చిన ప్రతిసారీ ఒక దెబ్బ. లెక్క తప్పడం లేదు.

"అమ్మా, చూడు, నాన్నకి తెలుస్తోంది!"

"తెలుస్తుంది, ఎందుకు తెలీదు? పోయింది నోరే కదా, చెవులు కాదు" అంది అమ్మ. ఆ మాట అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక మొక్కులాంటిది పెట్టుకున్నాను. దేవుడికి కాదు, పెద్దమ్మాయికి. అది మింగకుండా పలికితే నాన్న పలుకుతాడు. ఇది మూఢనమ్మకమని తెలుసు. తెలిసే నమ్ముతున్నాను.

జూన్ 7, శనివారం

నాన్న మాట్లాడాడు!

పదకొండింటికి బండి స్టార్ట్ చేసి, మింగుతుంటే ఆపేసి లోపలికొచ్చాను. నాన్న నా మొహం వంక చూసి నోరు ఒక పక్కకి లాగి, "కా" అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "కా... గితం."

అమ్మ చేతిలో గిన్నె వదిలేసింది. "ఏంటండీ? కాగితమా? కాగితమేనా?"

"కాగితం."

నేను పరిగెత్తి పరీక్ష అట్టకి తెల్లకాగితాలు పెట్టి, పెన్సిలు తెచ్చాను. ఎడమ చేతిలో పెన్సిలు పెట్టాను. అది జారిపోయింది. మళ్లీ పెట్టాను. కావాలనే వదిలేసినట్టనిపించింది. కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. "కాగితం" అన్నాడు.

"ఇదే నాన్నా కాగితం. రాయి. ఏం రాస్తావో రాయి."

నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమే.

మేడంకి ఫోన్ చేస్తే, "చాలా మంచి సంగతి. రాయాలని ఉందన్నమాట. కాగితాలు ఎప్పుడూ అందేలా పెట్టండి" అంది.

అమ్మా నాన్నా ఏమీ కాకుండా మొదటి మాట కాగితం! నాన్న పదో తరగతితో చదువు మానేశాడు. నా పుస్తకాల పిచ్చి ఆయనకీ అంటింది.

జూన్ 8, ఆదివారం

కాగితం: పదకొండుసార్లు. ఇంకే మాటా లేదు.

జూన్ 11, బుధవారం

ప్లగ్గు మార్చాను. ప్లగ్గుకొచ్చే వైరు మార్చాను. పాతది కోసి చూస్తే లోపల రాగి నల్లబడి ఉంది. ఇదే దొంగ అనుకున్నాను. కాదు.

లేత్ మావయ్య ఉంటే అడిగేదాన్ని. నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు, పక్క వీధిలో లేత్ మిషన్ ఆయనది. కంటి ఆపరేషనుకి కూతురి దగ్గరికి వెళ్లాడు. రెండు నెలలదాకా రాడట.

ఇంజను ఆపి తల తిప్పితే కిటికీలోంచి వినబడింది. కాగితం.

జూన్ 14, శనివారం

బాబాయి వచ్చాడు. నాన్న "కాగితం" అనగానే కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"అర్థమైంది వదినా. ఇంటి కాగితాల గురించి అంటున్నాడు అన్నయ్య."

"మీకు అలా అర్థమైందా?" అంది అమ్మ.

"ఇంకేముంటాయి చెప్పు? మనిషికి ఇలాంటప్పుడు గుర్తొచ్చేది అవే. బీరువా తాళం ఇవ్వు, తెచ్చి చూపిద్దాం. ఊరుకుంటాడేమో."

తెచ్చి చూపించాడు కూడా. నాన్న ఆ పాత దస్తావేజు వైపు ఒకసారి చూసి, ఎడమ చేత్తో దాన్ని బాబాయి ఒళ్లోకి నెట్టేశాడు. అలా నెడుతుంటే నాకు నవ్వొచ్చింది. వంకర టింకర స్క్రూ తెచ్చినవాడికి నాన్న అలాగే తిరిగిచ్చేవాడు.

"చూశారుగా. ఆ కాగితం కాదు" అంది అమ్మ. "టీ చల్లారిపోతోంది, తాగండి."

బాబాయి వెళ్లాక అమ్మ బీరువా తాళం నడుముకి కట్టుకుంటూ, "ఆయనకి కావల్సిన కాగితం నీకే తెలియాలే. నీ దగ్గరేగా ఎప్పుడూ చించేది" అంది. సరదాకే అంది.

జూన్ 17, మంగళవారం

పాయింట్ల పక్కనుండే కండెన్సరు కూడా మార్చాను. ప్లగ్గులో రవ్వ నీలంగా బలంగా ఉంది. అయినా మింగుతోంది.

ఆ రోజు పొద్దున నాన్న షెడ్డులోంచి నన్ను పిలిచాడేమో. మిక్సీ తిరుగుతోంది. నాకు వినబడలేదు.

జూన్ 18, బుధవారం

మిక్సీ తిరగలేదు. అమ్మ ఆ రోజు బజారుకి వెళ్లింది.

జూన్ 21, శనివారం

దొరికింది! ఎంత మొద్దుని నేను! ఉప్పుకాగితం!

వడ్రంగి పక్కింట్లో తలుపు చెక్క రుద్దుతుంటే చప్పుడు విని మెరుపులా తట్టింది. పాయింట్లు మాడిపోతే నాన్న ఉప్పుకాగితంతో రుద్దడం నేను చూశాను. ఒకే మాటలో రెండో సగం చెబుతున్నాడు నాన్న. 'ఉప్పు' రావడం లేదు, 'కాగితం' వస్తోంది. ఇలాంటప్పుడు మాటలు సగంలో విరుగుతాయని మేడం ఆసుపత్రిలో చెప్పింది.

పరిగెత్తి తెచ్చి నాన్నకి చూపించాను. "ఇదేనా నాన్నా? ఇదేగా?"

నాన్న కళ్లు మూసుకున్నాడు. నేను అవుననుకున్నాను.

మెత్తటి రకం ముక్కతో పాయింట్లు రెండువైపులా రుద్దాను. గేజితో రెంటి మధ్య సందు కొలిచాను. కిక్కు కొట్టాను. అర నిమిషం బాగుంది. నిజంగా బాగుంది. అమ్మ కూడా గుమ్మంలోకొచ్చింది. తర్వాత మింగడం మొదలైంది. నాలుగింటికి ఒకటి కాదు, మూడింటికి ఒకటి.

నాన్న మంచం పట్టె మీద కొట్టడం మానేశాడు.

జూన్ 22, ఆదివారం

ఏమీ రాయాలని లేదు.

జూన్ 24, మంగళవారం

ఇంకో కొత్త జత పాయింట్లు కొని వేశాను. పొట్లం విప్పి నేరుగా బిగించాను, చెయ్యి కూడా తగలనివ్వలేదు. నాలుగింటికి ఒకటి.

కొత్తది, మెరుస్తోంది, సందు సరిగ్గా ఉంది. ఇక ఏం తప్పు?

జూన్ 26, గురువారం

నాన్న ఇవాళ ఒక పని చేశాడు. మేడంని అడగాలి.

మంచం పక్కన నేను పెట్టిన కాగితాల గుట్టలోంచి ఒకటి లాక్కున్నాడు. అంచు పళ్లతో పట్టుకుని, ఎడమ చేత్తో పొడుగ్గా చించాడు. వేలంత వెడల్పు ముక్క, తిన్నగా వచ్చింది. దాన్ని నాకు చూపించి, రెండు పెదాల మధ్య పెట్టుకున్నాడు. పెదాలు మూశాడు. ముక్కని మెల్లగా బయటికి లాగాడు. మళ్లీ పెట్టుకుని మళ్లీ లాగాడు. నా వైపే చూస్తున్నాడు.

అమ్మ కంగారుగా వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "అయ్యో, నోట్లో పెట్టుకుంటున్నారేంటండీ! ఆకలేస్తోందా? పంతులమ్మా, తీసెయ్యవే అది, మింగేస్తాడు!"

నేను తీసేసుకున్నాను. నాన్న వదల్లేదు మొదట. తర్వాత వదిలేశాడు. వదిలేసి, నా చేతిలో ఉన్న ముక్క మీద చూపుడువేలితో రెండుసార్లు తట్టాడు.

"చంటిపిల్లాడైపోయాడు" అని అమ్మ వంటింట్లోకెళ్లి ఏడ్చింది.

ముక్క ఒక చివర తడిసింది. పారేయబుద్ధి కాలేదు. ఈ పుస్తకంలోనే పెట్టాను.

జూన్ 30, సోమవారం

కాగితం: రెండుసార్లు. గొంతు బాగా తగ్గింది. అలిసిపోయాడంతే. ఎండలు తగ్గితే బాగుంటుంది.

జులై 2, బుధవారం

ఇవాళ కాగితం అనలేదు.

మేడం పుస్తకంలో "కాగితం" అని రాశాను.

జులై 3, గురువారం

ఇవాళ కూడా రాశాను.

జులై 9, బుధవారం

నాన్న పోయాడు. ఉదయం పది దాటాక. నేను షెడ్డులో ఉన్నాను. ఇంజను నడుస్తోంది. అమ్మ ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలియదు. ఖాళీ వచ్చినప్పుడు వినబడింది.

జులై 28, సోమవారం

కాలేజీ తెరిచారు. వెళ్లాను. తిరిగొచ్చాక ముందు గదిలోకి వెళ్లి, "నాన్నా, ఇవాళ" అన్నాను. అమ్మ మంచం ఎప్పుడో తీయించేసింది.

కాగితాల గుట్ట మాత్రం కిటికీ గట్టు మీద ఉంది. నూట పన్నెండు. అన్నీ తెల్లగానే ఉన్నాయి.

ఆగస్టు 9, శనివారం

లేత్ మావయ్య వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. అవి తీయకుండానే అమ్మ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత షెడ్డులోకి వచ్చాడు.

"ఏమ్మా పంతులమ్మా. మీ అక్క ఎలా ఉంది?"

"మింగుతోంది మావయ్యా."

"వాడి మాట అది." ట్యాంకు మీద చెయ్యి వేశాడు. "ఏదీ, కొట్టు చూద్దాం."

కొట్టాను. తల పక్కకి వంచి విన్నాడు. చెయ్యెత్తి ఆపమన్నాడు.

"పాయింట్లు ఎవరేశారు?"

"నాన్నే. ఆ రోజు పొద్దున. నేను వాటిని ఉప్పుకాగితంతో రుద్దాను. అవి పోయాయని మళ్లీ కొత్త జత వేశాను."

"వేశాక కాగితం లాగావా?"

"ఏం కాగితం?"

"ఏం కాగితమేంటమ్మా! మామూలు తెల్లకాగితం ముక్క. కొత్త పాయింట్లకి తుప్పు పట్టకుండా జిడ్డు పూసి పంపుతారు. కంటికి ఆనదు. ఇంజను కాస్త వేడెక్కగానే ఆ జిడ్డు రవ్వకి అడ్డం పడుతుంది. రుద్దినా అంతే, ఉప్పుకాగితం పొడి మిగిలిపోతుంది. అందుకని వేశాక, ఆ రెండు పెదాల మధ్య కాగితం ముక్క పెట్టి, మూసుకోనిచ్చి, మెల్లగా లాగాలి. గుడ్డ పనికిరాదు, పీచు ఉండిపోతుంది. మీ నాన్నకి నీ నోటుబుక్కు మార్జినైతేగాని ఆనేది కాదు. 'మా పంతులమ్మ పుస్తకాల కాగితం నున్నగా ఉంటుందిరా' అనేవాడు. ఎన్నిసార్లు పోట్లాడావు నువ్వు వాడితో! వాడు చెప్పలేదూ, ఎందుకు..."

అక్కడ ఆపేశాడు. నల్లద్దాలు తీసి నా మొహం చూశాడు.

"ఏమైందమ్మా? నేనేమన్నాను ఇప్పుడు?"

ఆగస్టు 10, ఆదివారం

జూన్ 3న రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు నాన్న పిలిచాడు. వినబడింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. "పంతులమ్మా, ఒక కాగితం ముక్క పట్రా అమ్మా" అన్నాడు. నేను, "ఉండు నాన్నా, ఈ పేజీ అయిపోనీ" అన్నాను. పేజీ అయిపోయింది. బాగుందని ఇంకో పేజీ చదివాను. అది కూడా అయ్యాక ఇంకొకటి. నాన్న మళ్లీ పిలవలేదు. తనే తెచ్చుకుందామని లేచి ఉంటాడు. దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తాను. ఇందులో ఆ చివరి మాటొక్కటే నేను అందరికీ చెప్పాను.

అందుకే నాన్న కాగితం అన్నప్పుడల్లా, ఎందుకు తేలేదే అని నన్ను అడుగుతున్నట్టే వినబడేది. గుట్టలు గుట్టలు తెచ్చి పెట్టాను. రాయి, రాయి అన్నాను. కాగితమంటే రాసుకోడానికి తప్ప ఇంకెందుకైనా ఉంటుందని నాకు తట్టనేలేదు.

ఆయన నన్నేమీ అడగలేదు. కిటికీలోంచి బండి మింగడం విని, ఏం చెయ్యాలో చెబుతున్నాడు. మిగిలిన ఒక్క మాటా దానికే ఖర్చుపెట్టాడు. అది కూడా నాకు తెలియకపోతే, తన పెదాల మీదే చేసి చూపించాడు. నేను తీసేసుకున్నాను.

ఇవాళ పదింటికి షెడ్డులోకెళ్లాను. డబ్బా మూత తీశాను. ఈ పుస్తకంలోంచి ఆ ముక్క తీశాను. తడిసిన చివర ఎండి కాస్త ముడుచుకుంది. రెండో చివర తిన్నగా ఉంది. పాయింట్లని గోటితో విడదీసి, ఆ చివర మధ్యలో పెట్టి, వాటిని మూసుకోనిచ్చి, మెల్లగా లాగాను. నాన్న ఎంత మెల్లగా లాగాడో అంత మెల్లగా. ముక్క మీద సన్నని బూడిదరంగు గీత పడింది. ఇంకోసారి లాగాను. ఇంకాస్త లేతగా ఇంకో గీత. మూడోసారి తెల్లగా వచ్చింది.

ముక్కని మళ్లీ ఈ పుస్తకంలో పెట్టేశాను. మూత బిగించి కిక్కు కొట్టాను.

మొదటి కిక్కుకే అందుకుంది.

డుగ్ డుగ్ డుగ్ డుగ్ డుగ్ డుగ్. నేను ఖాళీ కోసం కాచుకున్నాను. వేలితో ట్యాంకు మీద లెక్కపెట్టాను. నాలుగు, ఎనిమిది, నలభై. వేడెక్కేదాకా ఆగాను. యాక్సిలరేటర్ ఇచ్చాను, వదిలాను. ఒక్కటి కూడా మింగలేదు. షెడ్డు రేకులు సన్నగా అదురుతున్నాయి. ఇంత మంచి చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. నాన్నకి తెలుసు.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది. ఏదో పనిలో ఉంది, చప్పుడు మారడం విని, అలవాటుగా, ఎప్పటిలాగే గట్టిగా పిలిచింది.

"ఏమండీ, కుదిరిందా?"

నేను బండి ఆపలేదు. చాలాసేపు ఆపలేదు. ఆపితే జవాబు చెప్పాలి.